చెదలు తిన్న ఇనుము

విజయవాడ ఆటోనగర్‌లో లారీల పనే ఎక్కువ. బాడీలు కట్టే సుత్తి మోతల మధ్యగా రెండు సందులు దాటితే పంపులు బాగుచేసే షెడ్డు ఒకటుంది. తెలిసినాయన చెప్పి పంపితే ఒక మధ్యాహ్నం వెళ్లాను.

గుమ్మంలోనే బల్ల మీద ఒక ఇంపెల్లర్ విప్పి పెట్టి ఉంది. జానెడు వెడల్పు, వంపు తిరిగిన ఆరు రెక్కలు. పోత ఇనుమే, కానీ రెక్కల నిండా చెదపట్టిన కర్రలా చిల్లులు. వేలితో తడిమితే గరుగ్గా తగిలింది. "ఉప్పునీళ్లు తినేశాయా?" అన్నాను. మేస్త్రి నవ్వారు. "నీళ్లు మంచివేనండి. బుడగలు తిన్నాయి."

ఆయన మొదటి మాటే నన్ను ఆపేసింది: పంపు నీళ్లను లాగదు. ఇంపెల్లర్ గిర్రున తిరిగి, నడుమనున్న నీళ్లను అంచుకు విసురుతుంది. చుట్టూ నత్తగుల్లలాంటి కేసింగ్. అందులో పోనుపోను దారి వెడల్పవుతుంది, నీటి వేగం తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. డెలివరీ పైపులో నీళ్లను పైకెత్తేది ఆ ఒత్తిడే. ఇటు నడుమ ఒత్తిడి పడిపోగానే, బావిలో నీటి మీద బరువుగా కూర్చున్న గాలి నీళ్లను సక్షన్ పైపులోకి తోస్తుంది. ఆ గాలి సత్తువకూ హద్దుంది. పైపులో పూర్తి శూన్యం చేసినా 10.3 మీటర్లకు మించి తోయలేదు. పైపు రాపిడీ అవీ పోను ఆరేడు మీటర్లు దక్కితే గొప్ప.

వింటుంటే మా ఊరి బావి కళ్లముందు ఆడింది. వేసవిలో నీళ్లు అడుగంటితే మోకులు కట్టి, మోటారును బావి లోపలి దిమ్మె మీదికి దించేవాళ్లు. ఇంకో నాలుగు గజాల పైపు తగిలిస్తే పోయేదానికి ఇంత చాకిరీ ఎందుకని అడిగితే, "లాగదురా, దించాల్సిందే" అనేవాడు మా పెదనాన్న. పట్టిసీమలో గోదావరి నీళ్లెత్తే 24 పంపులకు ఈ బెంగ లేదు. అవి నిలువు టర్బైన్ రకం, ఇంపెల్లర్లు నీళ్లలోనే మునిగి ఉంటాయి.

ఇక బుడగలు. ఒత్తిడి మరీ పడిపోతే నీళ్లు వేడెక్కకుండానే మరుగుతాయి. అలా లేచిన ఆవిరి బుడగలు, ఒత్తిడి ఎక్కువున్న చోటికి చేరగానే చిట్లుతాయి. ఒక్కో చిట్లింపూ సూదిమొనంత సుత్తి దెబ్బ. రాత్రింబవళ్లు పడుతుంటే ఇనుమైనా ఏం ఆగుతుంది?

"కంకర పోసి తిప్పినట్టు చప్పుడొస్తుందండి. బేరింగు పోయిందనుకుని రెండుసార్లు మార్చారంట. సక్షన్ జాలీకి నాచు పట్టింది, అది చూసినోళ్లే లేరు."

బాగైన ఇంకో పంపును నీళ్ల తొట్టి పక్కన బిగించి నడిపి చూపించారు. ముందు కేసింగ్ నిండా నీళ్లు పోశారు. గాలి తేలిక కాబట్టి దాన్ని ఎంత విసిరినా లాభం లేదు. తర్వాత డెలివరీ వాల్వు మూసేసి స్విచ్ వేశారు. పేలుతుందేమోనని ఒకడుగు వెనక్కి వేశాను. అమ్మీటరు ముల్లు కిందనే ఉంది. నీళ్లు పారకపోతే ఈ రకం పంపుకు భారం తక్కువట. వాల్వు తిప్పేకొద్దీ ముల్లు మెల్లగా లేచింది.

"గేర్ పంపును ఇలా మూసి వేశారనుకోండి, ఏదో ఒకటి పగిలిపోద్ది."

షాఫ్టు మొదట్లో నీళ్లు కారుతున్నాయి. అది చూసి బిగించమన్నాను.

"కారాలండి. లోపలి గ్లాండ్ తాడు తడారితే మాడి, షాఫ్టును కోసేస్తుంది."

స్పానరు అందుకుని నట్టు ఇంకాస్త వదులు చేసి, చుక్కలు లెక్కపెడుతూ పక్కనే గొంతుక్కూర్చున్నారు.