భారజలం ఊరిలో నాలుగు రోజులు

మా మద్రసాలో శుద్ధి ప్రకరణం బోధిస్తున్నాము. రంగు, రుచి, వాసన అనే మూడు గుర్తులను బట్టి ధర్మశాస్త్ర పండితులు నీటి పరిశుద్ధతను ఎలా పరిశీలించారో పిల్లలకు వివరిస్తుండగా, వెనుక వరుసలో ఒక కుర్రవాడు లేచి నిలబడ్డాడు. "ఉస్తాద్, భారజలంతో వుజూ చెల్లుతుందా?" అని అడిగాడు. పగలు పాఠశాలకు, సాయంత్రం మా వద్దకు వచ్చే పిల్లవాడతడు. ఆనాటి సైన్సు పాఠంలో ఆ మాట విన్నాడట. తక్కిన పిల్లలు నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ నీటిని తయారుచేసే ఊరిలోనే మా ఆపా ముప్పయ్యేళ్ళకు పైగా కాపురం చేస్తున్నది. ఎన్నోసార్లు వెళ్ళాము, ఆమె చేతి భోజనం తిని వచ్చాము. అక్కడ తయారయ్యే నీరు ఎటువంటిదో ఒక్కనాడూ అడిగి తెలుసుకోలేదు. "తెలుసుకొని చెబుతాం, నాయనా" అని చెప్పి ఆ పూట పాఠం ముగించాము.

తెలుసుకునే అవకాశం ఆ చలికాలంలోనే వచ్చింది. దూల్హాభాయి అరవై ఏళ్ళు నిండి పదవీ విరమణ చేశారు. క్వార్టరు ఖాళీ చేయాలి. "సామాను సర్దాలంటే చేతులు ఆడటం లేదు తమ్ముడూ, నాలుగు రోజులు వచ్చి ఉండు" అని ఆపా ఫోను చేసింది. ఆమె గొంతులో ఏదో తడి వినిపించింది. మరునాడే బయలుదేరాము.

గణపవరం నుండి తాడేపల్లిగూడెం వరకు మా కళ్ళకు అలవాటైన దృశ్యాలే. కాలువ గట్లు, వరిచేలు, చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరిచెట్లు. జంగారెడ్డిగూడెం దాటేసరికి నేల రంగు మారింది. ఎర్రమట్టి, పామాయిల్ తోటలు, ఆపై అశ్వారావుపేట, పాల్వంచ, అడవి. సారపాకలో కాగితపు మిల్లు దగ్గర దిగి మణుగూరు వైపు పోయే మరో బస్సు ఎక్కాము. అక్కడి నుండి మనం గోదావరికి ఎదురుగా, ఎగువకు ప్రయాణిస్తాము. మా ఊరి కాలువలో పారే నీరు ఏ దారిన వస్తుందో ఆ దారినే వెనక్కు వెళుతున్నామన్న ఆలోచన ఆ రోజే మొదటిసారి కలిగింది.

అశ్వాపురం పాత ఊరు. ఈ తీరాన తరతరాలుగా ఉన్నవారు కోయలు. ఊరి పక్కన గౌతమీనగర్ అనే కాలనీ ఉన్నది. గోదావరికి గౌతమి అన్న పేరు ఉన్నది గదా, కాలనీకి ఆ పేరే పెట్టారు. మణుగూరు భారజల కర్మాగారమని అందరూ పిలిచేది ఈ అశ్వాపురం దగ్గరి కర్మాగారాన్నే. 1991లో ఇది ఉత్పత్తి ప్రారంభించింది. పక్కన ఎండిపోని పెద్ద నది, సమీపాన మణుగూరులో సింగరేణి బొగ్గు. ఈ రెండూ ఒకచోట దొరకడమే అడవి అంచున ఇంత పెద్ద పరిశ్రమ వెలయడానికి ముఖ్యకారణం. దూల్హాభాయి ఆ తొలి రోజుల్లోనే ఉద్యోగంలో చేరారు. ఆపా కొత్త కోడలిగా ఇక్కడికి వచ్చింది. వారి పిల్లలు ఇక్కడి అణుశక్తి కేంద్రీయ పాఠశాలలో చదివారు. ఇరుగుపొరుగున తమిళులు, బెంగాలీలు, మలయాళీలు, ఉత్తరాది వారు. పండుగనాడు ఆపా వండిన సేమియా ఎన్ని భాషల ఇళ్ళకు వెళ్ళేదో లెక్కలేదు.

రాత్రి భోజనాలయ్యాక పిల్లవాని ప్రశ్న దూల్హాభాయి ముందు పెట్టాము. ఆయన చాలాసేపు నవ్వి, "మౌల్వీ సాబ్, ఫత్వా మీరు ఇవ్వండి. నీటి సంగతి మాత్రం నేను చెబుతాను" అన్నారు.

ఆయన చెప్పిన దాని సారాంశమిది. నీటిలో హైడ్రోజన్, ఆక్సిజన్ ఉంటాయన్నది అందరికీ తెలుసు. ఆ హైడ్రోజన్ పరమాణువులలో ఆరేడు వేలకు ఒకటి చొప్పున తోటివాటికి రెట్టింపు బరువుగలది ఉంటుంది. దాని పేరు డ్యుటీరియం. 1931లో హెరాల్డ్ యూరీ అనే అమెరికా శాస్త్రవేత్త దానిని కనుగొని, 1934లో నోబెల్ బహుమతి పొందాడు. ఈ బరువైన హైడ్రోజన్‌తో ఏర్పడిన నీరే భారజలం. అది ఎక్కడో విడిగా పుట్టే వస్తువు కాదు. మన బావిలో, మన బిందెలో, మన కంటి నీటిలో కూడా దాని అంశం ఉన్నది. సృష్టికర్త దానిని నీటిలో అంత పలుచగా కలిపి ఉంచాడు. కర్మాగారం చేసే పనల్లా దానిని ఏరి తీయడం.

ఏరడం మాత్రం సులభం కాదు. అందుకు హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువును వాడతారు. ఎత్తైన స్తంభాల వంటి గోపురాలలో పైనుండి నీరు దిగుతుంటే కిందినుండి ఆ వాయువు పైకి పోతుంది. చల్లని గోపురంలో బరువైన హైడ్రోజన్ నీటిని ఆశ్రయిస్తుంది. వేడి గోపురంలో నీటిని విడిచి వాయువులోకి పోతుంది. ఈ స్వభావాన్ని ఆధారం చేసుకొని మళ్ళీ మళ్ళీ తిప్పుతూ కొంచెం కొంచెంగా చిక్కబరుస్తారు. చివరకు మరిగించి శుద్ధి చేస్తారు. నదినుండి వచ్చిన ఎన్నో టన్నుల నీటినుండి చేతికి దక్కేది కిలోల లెక్కన మాత్రమే. ఈ కర్మాగారపు సామర్థ్యం ఏడాదికి 185 టన్నులు. మిగిలిన నీరు శుద్ధి అయి తిరిగి నదిలో కలుస్తుంది.

"ఇంతా చేసి ఈ నీరు ఎందుకు?" అని అడిగాము. అణు విద్యుత్ కేంద్రంలో యురేనియం పరమాణువు చీలినప్పుడు న్యూట్రాన్లు మహావేగంతో దూసుకుపోతాయి. ఆ వేగాన్ని తగ్గిస్తేనే చీలిక క్రమంగా కొనసాగుతుంది. భారజలం వేగాన్ని తగ్గిస్తుంది, కానీ న్యూట్రాన్లను దాదాపుగా మింగివేయదు. అందువల్ల మన దేశంలో దొరికే సహజ యురేనియంతోనే విద్యుత్తు తీయగలుగుతున్నారు. కైగా, కాక్రపార్ వంటి కేంద్రాలు నడుస్తున్నది ఈ పద్ధతిలోనే. అశ్వాపురంలో యురేనియం లేదు, భారజలంలో రేడియేషనూ లేదు. ఇది విని మా మనసు తేలికపడింది. అణువు అన్న మాట వినగానే ఇన్నేళ్ళుగా లోలోపల ఏదో భయం మమ్మల్ని పట్టుకొని ఉన్నది.

"మరి భయపడవలసినది ఏమీ లేదా?" అన్నాము. ఈ ప్రశ్నకు సమాధానం ఆపా చెప్పింది. "ఉన్నది తమ్ముడూ. ఆ గ్యాసు."

హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు. కొద్దిగా ఉంటే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కు ఆ వాసనను పసిగట్టే శక్తినే కోల్పోతుంది. వాసన ఆగిపోయింది గదా, ప్రమాదం తప్పిందని మనిషి అనుకుంటాడు. అసలు ప్రమాదం అప్పుడే. అందుకే అక్కడ పనిచేసేవారికి ముక్కును నమ్మవద్దని, పరికరాన్ని నమ్మమని, గాలి ఎటు వీస్తున్నదో ఎప్పుడూ గమనించమని నేర్పుతారు. దూల్హాభాయి రాత్రి షిఫ్టుకు వెళ్ళిన రోజుల్లో ఆపా తహజ్జుద్‌కు లేచి, ముందు కిటికీ తెరచి చెట్ల కొమ్మలు ఎటు ఊగుతున్నాయో చూసేదట. ఆ తరువాతే వుజూకు వెళ్ళేది. "ముప్పయ్యేళ్ళు ఈయన క్షేమంగా ఇంటికి వచ్చారు. అల్హందులిల్లాహ్. కానీ ఆ కిటికీ తెరిచే అలవాటు ఇక పోదు" అన్నది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. రంగు, రుచి, వాసన అని ఎన్నేళ్ళుగానో పాఠం చెబుతున్నాము. ఆ నియమం సామాన్యునికి చేతిలో ఉండే కొలబద్ద. అందులో సందేహం లేదు. కానీ కంటికీ నాలుకకూ ముక్కుకూ అందనివి కూడా లోకంలో ఉన్నాయని, వాటిని తెలుసుకొనే విద్య కూడా దైవం మనిషికి ఇచ్చిన అనుగ్రహమేనని మేము పిల్లలకు అంత గట్టిగా ఎన్నడూ చెప్పలేదు.

మరునాడు అస్ర్ నమాజు తరువాత దూల్హాభాయి మమ్మల్ని గోదావరి ఒడ్డుకు తీసుకువెళ్ళారు. చలికాలపు నది ఇసుక తిన్నెల నడుమ నెమ్మదిగా సాగుతున్నది. ఇదే నది 2022 జూలైలో భద్రాచలం వద్ద 71 అడుగులు దాటింది. 1986 తరువాత అంత నీరు రాలేదు. ఆ రోజుల్లో ఆపా మాకు పూటపూటకూ ఫోను చేసేది. "ఇక్కడ ఇంకా పెరుగుతోంది తమ్ముడూ, మీ వైపు గట్లు జాగ్రత్త" అని. ఎగువనున్న ఇల్లు దిగువనున్న ఇంటికి ముందుగా కబురు చెప్పడం. నది ఒడ్డున బతికేవారి మధ్య ఉండవలసిన హక్కూ బాధ్యతా అదే కాబోలు.

ఈ నీటికి లోకంలో మరో చరిత్ర కూడా ఉన్నదని ఆయన చెప్పారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నార్వేలోని ర్యూకాన్ అనే లోయ పట్టణం దగ్గర భారజలం తయారయ్యేది. జర్మన్ల చేతికి అది దక్కితే అణుబాంబు చేస్తారేమోనని 1943లో ఆ కర్మాగారంలో విధ్వంసం జరిపారు. 1944 ఫిబ్రవరి 20న మిగిలిన భారజలాన్ని తీసుకుపోతున్న పడవను సరస్సులో ముంచివేశారు. అందులో ప్రయాణిస్తున్న 14 మంది నార్వే పౌరులు కూడా మరణించారు. ఆ ముంచినవారూ నార్వే వారే. మన కాలానికి వస్తే, 2016లో ఇరాన్ నుండి 32 టన్నుల భారజలాన్ని సుమారు 86 లక్షల డాలర్లకు కొనడానికి అమెరికా ఒప్పందం చేసుకున్నది. దీపం వెలిగించడానికీ, ఊళ్ళను కాల్చడానికీ దారితీయగల విద్య ఇది. విద్య ఎవరి చేతిలో ఉన్నదో, ఆ చేతిని నడిపే మనసులో దైవభీతి ఎంత ఉన్నదో, దానిని బట్టే ఫలితం.

మిగిలిన రెండు రోజులు సామాను సర్దడంతో సరిపోయింది. గోడకున్న మేకులు తీస్తూ ఆపా ఒక్కసారిగా కూర్చుండిపోయింది. తలుపు చట్రం మీద పిల్లల ఎత్తు కొలిచి పెట్టిన పెన్సిలు గీతలు ఉన్నాయి. "ఈ గోడ మాది కాదని మొదటిరోజే తెలుసు. అయినా..." అని ఆగిపోయింది. ఈ కాలనీలో ఎవరికీ సొంత ఇల్లు లేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే నివాసం. ఇహలోకంలో బాటసారిలా ఉండమని ఉపన్యాసాలలో ఎన్నోసార్లు చెప్పాము. ఆ మాట ఆపాకు ఆ క్షణంలో చెప్పడానికి మాకు నోరు రాలేదు. పెట్టెకు తాడు కడుతూ పక్కన కూర్చున్నాము.

గణపవరం వచ్చి మా ఇంటి దగ్గరే ఉండమని అడిగాము. దూల్హాభాయి ఆలోచించి, అశ్వాపురం ఊళ్ళోనే ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నామన్నారు. కూతురి అత్తవారిల్లు పాల్వంచ. ఇక్కడి మసీదులో తెలిసిన ముఖాలు. "అక్కడైనా ఇక్కడైనా తాగేది ఒకే నీరు తమ్ముడూ. నేను ముందు తాగుతాను, నువ్వు తరువాత తాగుతావు" అన్నది ఆపా. అప్పటికి ఆమె ముఖం కొంత తేటపడింది.

తిరుగు ప్రయాణంలో ఆ మాటే మనసులో మెదిలింది. అశ్వాపురం దాటిన నీరు భద్రాచలం, పోలవరం మీదుగా ధవళేశ్వరం చేరుతుంది. 1852లో అక్కడ ఆనకట్ట పూర్తయిన నాటినుండి ఆ నీరే కాలువల దారిన మన డెల్టాను పోషిస్తున్నది. మన చేలు తడిపి, మన చెరువులు నింపి, మురుగు కాలువలలో పడి కొల్లేటికి, ఉప్పుటేటి ద్వారా సముద్రానికి పోతుంది. ఎగువన ఒక కర్మాగారంలో బొట్టు బొట్టును తూచి దాచుకుంటున్నారు. దిగువన మనమేమి చేస్తున్నాము? చేపల చెరువు కడిగిన నీటిని కాలువలోకి వదులుతున్నాము. పెళ్ళి భోజనాల ఎంగిలాకులు గట్టు మీద పోస్తున్నాము. మా మద్రసా వుజూఖానాలో కొళాయి చెడి ఎన్ని వారాలుగా కారుతున్నదో లెక్క మా దగ్గరే లేదు. ప్రవహించే నది ఒడ్డున కూర్చున్నా వుజూలో నీరు వృథా చేయరాదని బోధించేది మేమే.

మర్నాడు పాఠంలో ఆ కుర్రవాణ్ణి ముందుకు పిలిచాము. మాకు తెలిసినంత చెప్పాము. భారజలానికి రంగు లేదు, వాసన లేదు. మామూలు నీటికన్నా సుమారు పదకొండవ వంతు శాతం అనబోయి తడబడి, "నూటికి పదకొండు వంతులు బరువు ఎక్కువ" అని సరిదిద్దుకున్నాము. దానితో చేసిన మంచుగడ్డ మామూలు నీటిలో మునిగిపోతుంది. రుచి కొద్దిగా తీపి అని 2021లో శాస్త్రవేత్తలు పరీక్షించి తేల్చారు. ఒక గుక్క తాగితే ఏమీ కాదు గాని, దేహంలోని నీటిలో పెద్దభాగం అదే అయితే ప్రాణానికి ముప్పు. వుజూ సంగతి మాత్రం మాకన్నా పెద్దలైన ముఫ్తీ గారికి రాసి అడుగుతామన్నాము.

"మీ దూల్హాభాయి ఏమన్నారు ఉస్తాద్?" అని అడిగాడు.

"ఒక లోటా భారజలం మీ ఉస్తాదుకు ఎవరూ ఇవ్వరు, దాని ఖరీదు అటువంటిది అన్నారు" అని చెప్పాము. ఈసారి పిల్లలతో కలిసి మేమూ నవ్వాము.

పాఠం ముగిశాక ఆ కుర్రవాణ్ణే వెంటబెట్టుకొని వెళ్ళి, కొళాయి బాగుచేసే మనిషిని పిలుచుకువచ్చాము. మగ్రిబ్ వేళకు కారడం ఆగింది.