బగ్గీ మూలుగు

మన క్యాంపస్‌లో తిరిగే ఆ తెల్ల బగ్గీని కంపెనీ కాగితాల్లో గోల్ఫ్ కార్ట్ అంటారు. మన ఊరి చుట్టుపక్కల గోల్ఫ్ ఆడినవాడు ఇంతవరకు నాకు తగల్లేదు గానీ, బండి మాత్రం గేటుకీ హాస్టల్‌కీ, హాస్టల్‌కీ మెకానికల్ బ్లాక్‌కీ మధ్య రోజుకి పాతిక కిలోమీటర్లు తిరుగుతుంది. ఇన్‌స్పెక్షన్ వాళ్లొస్తే దానికి సీటు కవర్లు మారతాయి. మిగతా రోజుల్లో దాని అసలు ప్రయాణికుడు ఒక్కడే, మా సెక్షన్‌లో చంకకర్రలతో నడిచే మిత్రుడు. పేరు రాయొద్దన్నాడు, రాయట్లేదు.

బ్యాటరీ బండికి ఇంజను చప్పుడు ఉండదు కాబట్టి, ఏ మూల చిన్న రొద వచ్చినా వినపడిపోతుంది. అదే డీజిల్ ఆటో అయితే బేరింగ్ ముక్కలయ్యేదాకా ఎవరికీ తెలీదు. జులై వానల తర్వాత వెనక నుంచి 'గూఁ' అని సన్నగా ఒక మూలుగు మొదలైంది. వేగం పెరిగితే పెరిగేది, తగ్గితే తగ్గేది. డ్రైవర్ బాబాయ్ లాగ్‌బుక్‌లో రాశాడు: "వెనక కుడి చక్రం శబ్దం." మర్నాడూ రాశాడు. నేను తర్వాత లెక్కపెట్టాను, మొత్తం పద్నాలుగు సార్లు అదే వాక్యం. కింద ఇన్‌ఛార్జి సంతకం కూడా పద్నాలుగు సార్లూ ఉంది.

కుడి చక్రమేనని ఎలా తెలిసింది బాబాయ్ అని అడిగాను. "ఎడమకి తిప్పినప్పుడు మూలుగు ఎక్కువవుతోంది నాన్నా, కుడికి తిప్పితే తగ్గుతోంది. ఎడమకి తిరిగితే బరువు ఎటు పడుద్ది? కుడి మీద కదా!" లోడ్ ట్రాన్స్‌ఫర్ అని మనం బట్టీ పట్టి రాసే రెండు మార్కుల ప్రశ్న అది. ఆయన చెవితో రాశాడు.

సెప్టెంబరు వచ్చేసరికి చక్రం ఊగడం మొదలైంది. ఇక నడపనని బాబాయే బండి షెడ్‌లో పెట్టేశాడు. ఆ భయం ఉత్తుత్తిది కాదు. ఈ రకం బండ్లలో వెనక యాక్సిల్‌ని సెమీ ఫ్లోటింగ్ అంటారు. అంటే చక్రాన్ని తిప్పేదీ, బండి బరువు మోసేదీ ఒకే షాఫ్ట్. ఆ షాఫ్ట్‌ని గొట్టం చివర పట్టి ఉంచేది ఒక్క బేరింగ్. అది పూర్తిగా చితికితే చక్రం షాఫ్ట్‌తో సహా బయటికి వచ్చేయొచ్చు.

డీలర్ దగ్గర్నుంచి కొటేషన్ వచ్చింది. బేరింగ్ విడిగా ఇవ్వరట, వెనక యాక్సిల్ మొత్తం మార్చాలట, ఆరు వారాలు పడుతుందట. ఫైలు పైకి వెళ్లింది. పైనే ఉంది.

మొదటి వారం మావాడిని బైకుల మీద తీసుకొచ్చాం. చంకకర్రలు అడ్డంగా పట్టుకుని వెనక కూర్చునేవాడు, గేటు దగ్గర అవి తగలకుండా ఒకసారి దిగి మళ్లీ ఎక్కాలి. రెండో వారం నుంచి మొదటి పీరియడ్‌కి రావడం మానేశాడు. అటెండెన్స్ 71కి పడింది. గదికెళ్లి అడిగితే, "రోజూ ఎవడో ఒకడు నాకోసం పెందలాడే లేవాలి కదరా. బగ్గీ అయితే ఎవరికీ థాంక్స్ చెప్పక్కర్లేదు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

వర్క్‌షాప్ సార్‌తో బాబాయే మాట్లాడాడు. "యాక్సిల్ ఎందుకండి? పోయింది బేరింగండి." సార్ ప్రిన్సిపాల్ గారి దగ్గర అనుమతి తెచ్చారు. ఆదివారం పొద్దున్నే ఊళ్లో ట్రాక్టర్లు బాగుచేసే మేస్త్రిని పిలిచాం. నేనూ ఇంకో ఇద్దరం సామాను అందించేవాళ్లం.

బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేసి, ముందు చక్రాలకి రాళ్లు పెట్టి, వెనక జాకీ ఎత్తి స్టాండు మీద నిలబెట్టాం. మేస్త్రి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. టకటకమంది. పెద్ద స్క్రూడ్రైవర్ మొన గొట్టానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, చక్రం తిప్పమన్నాడు. తర్వాత అది నా చేతికిచ్చాడు. ఇసుక నములుతున్న చప్పుడు.

చక్రం, డ్రమ్ము తీశాక లోపల సర్‌క్లిప్ ఉంది. తుప్పు పట్టి రాలేదు. దాని మీదే ముప్పావుగంట పోయింది. అది వచ్చాక షాఫ్ట్ బేరింగ్‌తో సహా బయటికి జారింది, వెనకే కాస్త గేరాయిల్ కారింది. వర్క్‌షాప్ ప్రెస్‌లో పెట్టి పాత బేరింగ్ ఊడదీసి తుడిస్తే నంబరు కనపడింది: 6205. చివరి 05ని ఐదుతో గుణిస్తే 25, అంటే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. బయటి వ్యాసం 52, మందం 15. డిజైన్ పేపర్‌లో మనం వేల నుంచి ఎంచుకున్నట్టు నటించే బేరింగే. బజార్లో ఏ మోటారు షాపులో అయినా దొరుకుతుంది. కంపెనీ వాళ్లు ఆరు వారాలన్నది దీని కోసమే!

షాపువాడు ముందు జడ్‌జడ్ రకం ఇచ్చాడు. మేస్త్రి వెనక్కి పంపించాడు. జడ్‌జడ్ అంటే రెండు పక్కలా రేకు మూత, దుమ్ము ఆపుతుంది గానీ నీళ్లు ఆపదు. మనకి కావాల్సింది రబ్బరు సీలున్న టూఆర్‌ఎస్. బేరింగులు రెండు, ఆయిల్ సీళ్లు రెండు తెచ్చాం, ఎడమవైపుదీ మార్చేద్దామని.

కొత్తది ఎక్కించేటప్పుడు మేస్త్రి ఒక్క విషయంలో కేకలేశాడు. ప్రెస్ బలం లోపలి రింగు మీదే పడాలి. బయటి రింగు మీద నొక్కితే ఆ బలమంతా గుండ్ల మీదుగా పోయి గాడిలో నొక్కులు పడతాయి, బేరింగ్ తిరక్కముందే పాడైపోతుంది. సరిపడా పైపు ముక్క ఒకటి కోసి, లోపలి రింగుకి ఆనించి నొక్కాడు.

ఆ రాత్రి లెక్క వేశాను. మనుషులతో కలిపి బండి 900 కిలోలు అనుకుంటే, ఒక్కో వెనక చక్రం మీద మూడు కిలోన్యూటన్ల లోపే. కేటలాగ్‌లో 6205 సామర్థ్యం దాదాపు 14. పద్నాలుగుని మూడుతో భాగించి ఘనం చేస్తే సుమారు వంద, అంటే పది కోట్ల చుట్లు. ఈ చక్రం చుట్టుకొలత 1.4 మీటర్లు. నూటికి తొంభై బేరింగులు లక్షా నలభై వేల కిలోమీటర్లు బతకాలి. మన బగ్గీ తిరిగే తిరుగుడికి పద్దెనిమిదేళ్ల పైమాట. బండి కొని నాలుగేళ్లు.

దాన్ని చంపింది బరువు కాదు. సీలు పీకి చూస్తే గ్రీజు ఉండాల్సిన చోట ఎర్రటి తుప్పునీళ్లు. శనివారం శనివారం బగ్గీని ప్రెషర్ పైపుతో, సరిగ్గా చక్రాల్లోకి కొట్టి కడుగుతారు. ఆ సూత్రంలో నీళ్లకి అక్షరం లేదు.

కరణాన్ని మంచి చేసుకోకపోతే బతుకు సాగదని చెప్పడానికి సుమతీ శతకకారుడు ఇరుసునీ కందెననీ పోలికగా తెచ్చుకున్నాడు. చిన్నప్పుడు అది బండి గురించిన పద్యం అనుకునేవాణ్ని. ఇప్పుడు ఫైలు గురించి అనిపిస్తోంది.

సోమవారం ఎనిమిదింటికి బగ్గీ హాస్టల్ ముందుకి వచ్చింది. చప్పుడు లేదు కాబట్టి బాబాయ్ హారన్ కొట్టాల్సి వచ్చింది. మావాడు ఎక్కి కూర్చుని, కర్రలు పక్కన పెట్టి, ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయాడు. మాకు చెయ్యి కూడా ఊపలేదు. 75 దాటడానికి ఇంకా ఎన్ని క్లాసులు కావాలో వాడి దగ్గర లెక్కుంది.

మజూరీతో కలిపి ఖర్చు 2,150 రూపాయలైంది. అది వర్క్‌షాప్ సార్ జేబులోంచి పోయింది. బిల్లు పెడితే మూడు కొటేషన్లు జతచేయమన్నారు. పాత బేరింగ్ వర్క్‌షాప్‌లో రెండో బెంచీ మీద ఉంది, వెళ్లి వేలితో ఒకసారి తిప్పి చూడండి.