బుల్లి బ్రష్షు పుట్టిల్లు

అరచేతిలో పెట్టి పిడికిలి బిగిస్తే కనిపించదు. బొటనవేలంత పిడి, దాని నెత్తిన పొట్టి కుచ్చు. గెడ్డం గీసుకునే బ్రష్షుల్లో బుజ్జిది ఇది. ఆ కుచ్చులో ఉన్నవి పంది వెంట్రుకలు. ప్రయాణాల్లో సంచి మూలన ఇమిడిపోతుందని కొనేవాళ్లున్నారు. 'ఇంత చిన్నదాంతో ఏం నురగొస్తుందిలే' అని మొదటిరోజే పక్కన పడేసేవాళ్లూ ఉన్నారు. తొందరపడకూడదు. ఇది పనిచేసే తీరు తెలిస్తే పారేయాలనిపించదు. దాని కథ వినాలంటే మాత్రం చైనాలోని ఓ కొండల నగరం దాకా వెళ్లాలి.

నీళ్లు తాగే వెంట్రుక

పంది వెంట్రుక మొదట్లో మందంగా ఉండి, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. చివర పాయలుగా చీలుతుంది. కిటుకంతా ఆ చీలికల్లోనే ఉంది. నురగను పట్టి ఉంచేవీ, చెంపకు మెత్తగా తగిలేవీ అవే. కొత్తలో చీలికలు తక్కువ కాబట్టి బ్రష్షు గరుగ్గా గుచ్చుకుంటుంది. తడిపితే వాసనా వేస్తుంది. సబ్బుతో నాలుగైదుసార్లు కడిగితే వాసన పోతుంది. కొన్ని వారాలు వాడితే కొనలు ఇంకా చీలి, మెత్తబడుతుంది.

ముందుగా గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు నిమిషాలు నానబెట్టాలి. ఈ వెంట్రుక నీళ్లు పీల్చుకుంటుంది. పొడిగా వాడితే నురగలోని తడినంతా తనే తాగేస్తుంది. నానాక ఒకసారి విదిలించి, సబ్బుమీద అర నిమిషం గుండ్రంగా తిప్పాలి. నురగ కోసం వేరే గిన్నె అక్కర్లేదు, నేరుగా చెంపమీదే తిప్పితే సరి. కుచ్చు చిన్నది కాబట్టి ఒకసారి పట్టిన సబ్బు ఒకసారి గీసుకోవడానికే వస్తుంది. రెండోసారి గీయాలంటే మళ్లీ సబ్బు దగ్గరికి వెళ్లాల్సిందే. పెద్ద బ్రష్షు ముక్కులోకీ నోట్లోకీ నురగ కొడితే, ఇది మీసం అంచున బొమ్మకు రంగు అద్దినంత పొందిగ్గా తిరుగుతుంది. పనయ్యాక కడిగి, గాలికి ఆరనివ్వాలి. తడి బ్రష్షును డబ్బాలో పెట్టి మూత బిగిస్తే బూజు పడుతుంది. ప్రయాణాల హడావుడిలో చాలామంది మరిచిపోయేది దీన్నే.

మెట్ల మీది మహానగరం

ప్రపంచానికి పంది వెంట్రుకలు ఎక్కువగా అందేది చైనా నుంచే. వాటిలో బాగా పేరుపడ్డ రకం 'చుంగ్‌కింగ్'. అది ఊరి పేరే. ఇప్పుడు చోంగ్‌చింగ్ అంటున్నారు. యాంగ్జీ, జియాలింగ్ నదులు కలిసేచోట కొండలమీద వెలసిన నగరమిది. లిజిబా దగ్గర రైలు ఏకంగా అపార్ట్‌మెంట్ భవనంలోంచి దూసుకెళ్తుంది. పర్యాటకులు కెమెరాలు పట్టుకుని కింద కాచుకుని ఉంటారు. నదులు కలిసే చావోతియన్‌మెన్ రేవు నుంచి పైకి చూస్తే మెట్లే మెట్లు. తరతరాల కూలీలు వెదురు కావళ్లతో సరుకు మోసిన దారులవి.

1891లో ఈ రేవు విదేశీ వ్యాపారానికి తెరుచుకుంది. పల్లెల్లో కోసిన పందుల మెడమీది, వెన్నుమీది వెంట్రుకలు ఇక్కడి కార్ఖానాలకు చేరేవి. వాటిని ఉడకబెట్టి, కడిగి, దువ్వి, మొదళ్లన్నీ ఒకవైపు, కొనలన్నీ మరోవైపు వచ్చేలా సర్దాలి. ఆపైన పొడవునుబట్టి కట్టలు కట్టాలి. తలకిందులైన వెంట్రుక బ్రష్షుకు పనికిరాదు. అంతా కూలీల చేతి పనే. వాళ్ల పేర్లు ఏ కట్టమీదా ఉండేవి కావు. వ్యాపారి పేరు మాత్రం మిగిలింది. 'టైగర్' గుర్తుతో అమ్మిన గూ గెంగ్‌యూను 'పంది వెంట్రుకల రాజు' అన్నారు.

హిమాలయాలు దాటిన కట్టలు

జపాన్ దాడితో 1937లో చైనా ప్రభుత్వం రాజధానిని ఇక్కడికి మార్చింది. మరుసటి ఏడాది నుంచి నగరంమీద బాంబులు కురిశాయి. 1941 జూన్ 5న ఓ సొరంగంలో తలదాచుకున్న వందలాదిమంది ఊపిరాడక చనిపోయారు. అలాంటి రోజుల్లోనూ ఈ వెంట్రుకలకు గిరాకీ తగ్గలేదు సరికదా, పెరిగింది. యుద్ధనౌకలకు రంగు వేయాలన్నా, తుపాకీ గొట్టాలు తుడవాలన్నా బ్రష్షులు కావాలి మరి! నైలాన్ కుచ్చుతో టూత్‌బ్రష్ 1938లోనే అమెరికాలో వచ్చింది. కానీ రంగు పట్టి ఉంచడంలో చీలిన కొనకు సాటి రాలేదు.

సముద్రమార్గాలు మూసుకుపోవడంతో ఆకాశమే దారైంది. అస్సాం నుంచి హిమాలయాల మీదుగా కున్మింగ్‌కు ఇంధనం, ఆయుధాలు చేరవేసిన విమానాలు తిరుగు ప్రయాణంలో టంగ్‌స్టన్, తగరంతోపాటు పంది వెంట్రుకల కట్టలూ మోసుకొచ్చాయి. 'హంప్' అని పిలిచిన ఆ దారిలో వందల విమానాలు కూలిపోయాయి. అంత ప్రమాదకరమైన ప్రయాణంలో ఈ సరుకుకీ చోటిచ్చారంటే దాని విలువేమిటో అర్థమవుతుంది.

కళ్లజోడు పంది

చోంగ్‌చింగ్ నుంచి వేగంగా వెళ్లే రైలెక్కితే గంటలోపే రోంగ్‌చాంగ్. ఇక్కడి పంది ఒళ్లంతా తెలుపు, కళ్లచుట్టూ నలుపు. కళ్లజోడు పెట్టుకున్నట్టే ఉంటుంది. దాని తెల్లటి గట్టి వెంట్రుకలకు ఒకప్పుడు విదేశాల్లో మంచి పేరు. ఇప్పుడు దేశం కాపాడుకుంటున్న స్థానిక జాతుల్లో అదొకటి.

మాంసం కోసం పెంచే నేటి సంకరజాతి పందులు ఆరు నెలలకే కోతకొస్తాయి. వెంట్రుక బాగా ఎదిగేందుకు వ్యవధి ఏదీ? పొడుగు వెంట్రుకలు అరుదైపోతుంటే ఆ చోటును నైలాన్ ఆక్రమిస్తోంది. బుల్లి బ్రష్షుకు పొట్టి వెంట్రుకే చాలు కాబట్టి దాని రోజులు ఇంకా చెల్లలేదు. కాకపోతే పొట్టిదైనా పొడుగుదైనా వెంట్రుక కొన చూసి సరిగ్గా పేర్చే చెయ్యి ఉండాలి. ఆ చెయ్యి ఉన్నన్నాళ్లే ఈ కుచ్చు చెంపమీద మెత్తగా తిరుగుతుంది.