ఛార్జీ లేని ప్రయాణం: లంబ్రిడ్జ్

శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం వైపు బస్సెక్కితే నరసన్నపేట దాటాక, టెక్కలి ఇంకా రాకముందే మా కోటబొమ్మాళి వస్తుంది. కొత్తమ్మతల్లి జాతరకి వచ్చినవాళ్లకి మా ఊరు తెలిసే ఉంటుంది. 2023లో మా ఊరి పేరుతో 'కోటబొమ్మాళి పి.ఎస్.' అని సినిమా కూడా వచ్చింది. కానీ ఈసారి నేను చెప్పబోయేది మా ఊరి సంగతి కాదు. మా ఇంటి వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుక్కూర్చుని నేను వెళ్లొచ్చే మరో ఊరి సంగతి. దాని పేరు లంబ్రిడ్జ్. అట్లాసులో వెతక్కండి, దొరకదు. అది 'ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్' అనే ఆటలోని ఊరు!

"ఈ వయసులో ఆటలేమిటమ్మా?" అని బుగ్గలు నొక్కుకోకండి. చిన్నప్పుడు విఠలాచార్య సినిమాలు కళ్లార్పకుండా చూడలేదూ? కోటలూ, మంత్రగాళ్లూ, దెయ్యాలూ... ఇదీ ఆ బాపతే. తేడా అల్లా, ఇందులో మనమూ ఒక పాత్ర. దేశదేశాల వాళ్లు అదే వీధుల్లో మన పక్కనే తిరుగుతుంటారు. ఇంగ్లండులో గోవర్ సోదరులు 2001లో ఈ ఆట మొదలుపెట్టారు. 2007 నాటి పాత రూపాన్నే 2013లో మళ్లీ తెచ్చారు. 2018 నుంచి ఫోనులోనూ ఆడుకోవచ్చు.

నన్ను అక్కడికి తీసుకెళ్లింది మా అమ్మాయి. బెంగళూరులో ఉద్యోగం. రైలెక్కితే దాదాపు ఓ రోజు ప్రయాణం. రోజూ ఫోను చేసేది గానీ, "తిన్నావా?" "తిన్నాను." "ఏం కూర?" "ఏదో లేమ్మా." అంతే, రెండు నిమిషాల్లో అయిపోయేది. సంక్రాంతికి వచ్చినప్పుడు నా ఫోనులో ఈ ఆట పెట్టి, "రోజూ రాత్రి ఇక్కడ కలుద్దాం" అంది.

ఇక ఊరి విశేషాలు. లంబ్రిడ్జ్‌లో నది ఒడ్డున కోట ఉంది. మనలాంటివాళ్లం ముందు చూడాల్సింది కోటలోని వంటిల్లు. అక్కడి వంటవాడు పాపం కంగారుగా ఉంటాడు. దొరగారి పుట్టినరోజుకి కేకు చెయ్యాలి, సరుకులు లేవు! గుడ్డు, పాలు, గోధుమపిండి మనం తెచ్చిపెట్టాలి. గుడ్డు కోళ్లదొడ్లో దొరుకుతుంది. బకెట్టు పట్టుకెళ్లి ఆవు దగ్గర పాలు పితకాలి. పిండి మాత్రం అంత తేలిగ్గా రాదు. పొలంలో గోధుమలు కోసి, గాలిమర ఉన్న మిల్లు పై అంతస్తుకి ఎక్కి తొట్టిలో పోసి, మీట తిప్పి, కిందికి దిగి ఖాళీ కుండలోకి పిండి పట్టుకోవాలి. ప్యాకెట్టు పిండికి అలవాటుపడ్డ చేతులకి ఇదో సరదా.

కోటకి దక్షిణాన చిత్తడి నేల ఉంది. అక్కడ చిన్న వలతో రొయ్యలు పట్టి, చెట్టు కొట్టి మంట వేసి కాల్చుకోవచ్చు. మాడకుండా కాలితే 30 పాయింట్లు. 83 అయితే వంటలో రెండో మెట్టు. మొత్తం 99 మెట్లు! ఆఖరి మెట్టుకి 1,30,34,431 పాయింట్లు కావాలి. ఇరవై ఆరేళ్లుగా ఇంట్లో వండుతున్నాను, ఒక్కరైనా ఒక్క పాయింటు వేశారా చెప్పండి?

నవ్వులకేం గానీ, అసలు సంగతి వేరే ఉంది. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నప్పుడు మన నోట ఎన్ని మాటలు దొర్లుతాయో ఎప్పుడైనా గమనించారా? ఎదురుగా కూర్చోబెట్టి "చెప్పు" అంటే రాని మాట, చేతికి పని ఉంటే దానంతటదే వస్తుంది. అక్కడ తెలుగు అక్షరాలు పడవు కాబట్టి, మేం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకుంటాం. ఓ రాత్రి ఇద్దరం రొయ్యలు పడుతుండగా మా అమ్మాయి రాసింది: "అమ్మా, ఈ ఉద్యోగంలో చేరాక నాకు సరిగా నిద్ర పట్టడం లేదు." గుండె గుభేలుమంది. అయినా పరుగున ఫోను చెయ్యలేదు. "ఎన్నాళ్లయిందమ్మా?" అని మాత్రం రాసి, మళ్లీ వల వేశాను. గంటసేపు ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. ఆర్నెల్లుగా ఫోనులో రాని మాటలవి. మూడు నెలల్లో వేరే చోట ఉద్యోగం చూసుకుంది. వాళ్ల నాన్నగారికి నచ్చచెప్పే పని నేను తీసుకున్నాను.

బయలుదేరే ముందు ఈ సంగతులు గుర్తుంచుకోండి:

* డబ్బు కట్టి సభ్యులుగా చేరమని అడుగుతుంది. ఉచితంగా తిరగగలిగే ప్రాంతమే మనకి బోలెడంత. నెట్ ఖర్చు ఒక్కటే.
* "నీ బంగారం ఇవ్వు, రెట్టింపు చేసి ఇస్తా" అనేవాళ్లు అక్కడా ఉన్నారు. నమ్మకండి. పాస్‌వర్డు ఎవరికీ చెప్పకండి.
* మామూలుగా రాసిన మాట చుట్టుపక్కల అందరికీ కనిపిస్తుంది. ఇంటి సంగతులు స్నేహితుల జాబితాలో చేర్చుకున్నవాళ్లకి విడిగా రాయండి. అసలు పేరు, ఊరు బయటపెట్టకండి.
* ఉత్తరాన 'వైల్డర్‌నెస్' అనే అడవి ఉంది. అక్కడ తోటి ఆటగాళ్లే కొట్టి సామాన్లు లాక్కోవచ్చు. అటు పోకండి.
* డబ్బు పందెం కాసే ఆటలు వేరు. వాటిని 2025లో కేంద్ర చట్టం నిషేధించింది. వాటి జోలికి వెళ్లొద్దు.
* పొయ్యి మీద పాలు పెట్టి మాత్రం ఆడకండి!

మీ పిల్లలూ ఏదో ఒక ఆటలో, ఏదో ఒక ఊళ్లో తిరుగుతూనే ఉంటారు. "ఆ ఫోను అవతల పారెయ్" అనేముందు ఒక్కసారి, "నన్నూ తీసుకెళ్లవే" అని అడిగి చూడండి.