సముద్రం లేని రామసముద్రం

పేరు విని మోసపోకండి! రామసముద్రంలో సముద్రం లేదు. పుంగనూరు నుంచి కర్ణాటక సరిహద్దు వైపు వెళితే ఈ ఊరు వస్తుంది. రాయలసీమలో వెనకటివారు పెద్ద చెరువు కట్టిస్తే దానికి సముద్రమని పేరు పెట్టటం కద్దు. అసలు సముద్రం తూర్పున సుమారు 200 కిలోమీటర్ల దూరాన ఉన్నది.

ఆ తీరాన, పులికాట్ సరస్సు మీద, చలికాలంలో గల్ అనే తెల్లని పక్షులు ఎగురుతూ ఉంటవి. సముద్రపక్షులంటామే గాని, వాటిలో గోధుమతల గల్ గుడ్లు పెట్టేది ఎక్కడో తెలుసునా? లడఖ్, టిబెట్ కొండసరస్సుల ఒడ్డున! చలి ముదరగానే అవి దేశాలు దాటి తీరం చేరుతవి. దారిలో అలసినది ఏ చెరువు మీదనైనా దిగవచ్చు.

ఇది దారిలో దిగటం. కొన్ని పక్షులు దారే తప్పుతవి. తుఫానుగాలి కొట్టుకుపోతుంది; లేదా మొదటిసారి బయలుదేరిన పిల్లపక్షి ఒక దిక్కుకు పోబోయి మరొక దిక్కుకు పోతుంది.

రాస్ గల్ కథ వినండి. ధ్రువప్రాంతాలలో తిరిగే చిన్న పక్షి అది. రొమ్ము మీద లేత గులాబి ఛాయ ఉంటుంది. 1823లో జేమ్స్ క్లార్క్ రాస్ అనే నావికుడు కెనడా ఉత్తరాన ఒకదాన్ని తుపాకితో కొట్టాడు. అందుకే దానికి ఆయన పేరు వచ్చింది. (పాపం, పేరు పెట్టించుకోవటానికి పక్షి ప్రాణమివ్వవలసి వచ్చింది!) అది ఎక్కడ గూళ్ళు కడుతుందో చాలాకాలం అంతుపట్టలేదు. 1905లో రష్యా శాస్త్రజ్ఞుడు బుతుర్లిన్ సైబీరియాలో, కొలిమా నది ముఖద్వారం దగ్గర ఆ గూళ్ళను కనిపెట్టాడు.

అటువంటి పక్షి ఒకటి 1975లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, న్యూబరీపోర్ట్ రేవులో మామూలు గల్ పక్షుల మధ్య కనిపించింది! వేలమంది దూరదర్శినులు పట్టుకుని, చలిలో వణుకుతూ వచ్చారు. ఈసారి ఎవరూ తుపాకి ఎత్తలేదు.

పక్షులను చూసేవారు మన ప్రాంతంలోనూ ఉన్నారు. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీలో పాఠశాలవారు కొండలమీద చెట్లు పెంచి, పక్షులను లెక్కపెడుతూ వచ్చారు. 1991లో ఆ లోయను పక్షుల రక్షణస్థలంగా ప్రకటించారు. అక్కడి పసుపుగొంతు పిగిలిపిట్ట దారి తప్పే రకం కాదు. దక్షిణాది రాతిగుట్టలను విడిచి అది ఎక్కడికీ పోదు.

మరి చలికాలంలో మీ చెరువు మీద తెల్లని పక్షి ఎగిరితే గల్ అనుకోవచ్చునా? తొందరపడకండి. టెర్న్ అనే పక్షి కూడా చెరువులకు వస్తుంది. దాని ఒళ్ళు సన్నం, రెక్కలు కోసుగా ఉంటవి. గల్ బరువైనది, రెక్క వెడల్పు. గోధుమతల గల్‌కు చలికాలంలో తల తెల్లబడి, కంటి వెనక నల్లమచ్చ మాత్రమే మిగులుతుంది. ఎగిరేటప్పుడు రెక్కల కొసలు చూడండి: నలుపులో తెల్లని చుక్కలుంటవి. తేదీ, వేళ, చెరువు పేరు అప్పుడే పుస్తకంలో రాసుకోండి. వీలయితే ఫొటో తీయండి. కాని దగ్గరికి పరుగెత్తకండి. అది ఎంత దూరం ఎగిరి వచ్చి వాలిందో!