కలంకారీ ఊళ్లకు సన్నీబ్యాంక్ సంచులు

బ్రిస్బేన్ నడిబొడ్డున బీన్‌లీ లైను రైలెక్కితే అరగంటలో సన్నీబ్యాంక్‌లో దిగొచ్చు. మెయిన్స్ రోడ్డు మీద కొట్ల బోర్డులు సగం చైనా లిపిలోనే ఉంటాయి. తైవాన్, చైనా, కొరియా వాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ పేట ఇది. మా పిన్ని ఇల్లు అక్కడే. ఆమె, ఆమెతో కలిసి కుట్టుపని చేసుకునే ఐదుగురు ఆడవాళ్లు డిసెంబరులో మన వైపు వస్తున్నారు. శ్రీకాళహస్తి, పెడన, నరసాపురం చూసుకుని చివర్న పోచంపల్లి. అద్దకం, లేసు, మగ్గం దగ్గర కూర్చుని చూడాలని వాళ్ల ఆశ. వట్టి చేతులతో ఎలా వెళ్తామని ఆగస్టులోనే కానుకలు మొదలుపెట్టారంటే చూడ్డానికి వెళ్లాను.

కారును బయట ఎండకు వదిలేసి, గ్యారేజీలో రెండు బల్లలు వేసుకున్నారు. ఒక మూల గ్యాస్ పొయ్యి మీద పెద్ద గిన్నె మరుగుతోంది. విక్స్ డబ్బా తెరిచినట్టు ఘాటు.

చేతిపనితోనే బతికేవాళ్లకు చేతిపని కానుకగా ఇవ్వడం తేలికేం కాదు. మొదట్లో కోలా బొమ్మల తాళంగుత్తులు అనుకున్నారట. వెనక్కి తిప్పి చూస్తే అవి చైనాలో తయారైనవి. తర్వాత టేబుల్ మ్యాట్లు. "చాపేసుకుని తినే ఇంట్లో అవెక్కడ పరుస్తారే?" అని పిన్ని నన్నే అడిగింది. ఎండిన యూకలిప్టస్ కాయలు కడదామని ఒకావిడ సరదాపడింది కానీ, విత్తనాలతో విమానాశ్రయంలో తంటా ఎందుకని మానుకున్నారు. ఆదివాసుల చుక్కల బొమ్మలను చూసి గీయడం మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. ఆ చుక్కల వెనక ఒక్కో కుటుంబానికి, ఒక్కో నేలకు చెందిన కథలుంటాయి. అందుకే ఆదివాసీ చిత్రకారుల పేరు అంచున అచ్చువేసి అమ్మే బట్ట కొన్నారు. సంచి కుట్టేటప్పుడు ఆ అంచు కత్తిరించకుండా, పేరు లోపలివైపు కనబడేట్టు మడిచారు. ఆ మడత నాకు నచ్చింది.

అసలు పని గిన్నెలో ఉంది. బూడిదరంగు గుండ్రటి ఆకులుండే ఒక రకం యూకలిప్టస్. తడి పట్టుగుడ్డ మీద ఆ ఆకులు పరిచి, కర్రకు బిగుతుగా చుట్టి, పురికొసతో కదలకుండా కట్టి, గంటకు పైగా ఉడికించాలి. దక్షిణ ఆస్ట్రేలియాకు చెందిన ఇండియా ఫ్లింట్ అనే కళాకారిణి ఈ పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చింది. ఆవిడ పుస్తకం 'ఎకో కలర్' 2008లో వచ్చింది. నేనున్నప్పుడే ఒక కట్ట విప్పారు. బూడిదరంగు ఆకు కింద ఇటుకరంగు ముద్ర, ఈనెలతో సహా. మన ప్రకాశం, ఖమ్మం వైపు ఎకరాలకెకరాలు జామాయిల్ వేసి కాగితం మిల్లులకు తోలుతున్నాం. రకం వేరే కావచ్చు, కానీ ఆ ఆకులో రంగుందేమోనని మనం చూసింది తక్కువ.

పట్టు, ఉన్ని ఈ రంగును వాటంతటవే పట్టుకుంటాయి. నూలుగుడ్డ పట్టుకోదు. దానికి ముందుగా మాంసకృత్తుల పూత ఉండాలి. వీళ్లు వాడేది సోయా పాలు. సన్నీబ్యాంక్‌లో దానికేం కొరత? చక్కెర లేని సీసా చూసి తెస్తే చాలు. పలచన చేసి, ముంచి, ఆరబెట్టి, మళ్లీ ముంచి... తైవాన్ నుంచి వచ్చినావిడ ఈ భాగం చూసుకుంటోంది. నాకు వెంటనే శ్రీకాళహస్తి గుర్తొచ్చింది. అక్కడ కలం పట్టకముందే నూలుగుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెడతారు. కరక్కాయ, కసిమి అనే నల్లరంగును నిలబెడుతుంది. పాలలోని వెన్న గీత పక్కకు పాకకుండా ఆపుతుంది. ఇక్కడ పాలు రంగును పిలవడానికి, అక్కడ కట్టడి చేయడానికి. ఈ సంగతి చెబితే, నర్సుగా రిటైరైన పెద్దావిడ కళ్లజోడు సవరించుకుని, "మరి పాల వాసన ఎలా పోగొడతారు?" అంది. పారే నీళ్లలో ఉతుకుతారన్నాను. నోట్‌బుక్కులో రాసుకుంది.

అందుకే ఈ ఆకురంగు గుడ్డతో కుట్టిన సంచే సరైన కానుక అనిపించింది నాకు. అందంలో కలంకారీ ముందు ఇదెంత? కానీ రంగు పనివాళ్లకు ఇది మాట కలిపే వస్తువు. ఒక్కోదానికి ఏ ఆకు, ఏ పాలు, ఎంతసేపు ఉడికిందీ పిన్ని తెలుగులో చీటీ రాసి కుడుతోంది.

నరసాపురానికి సూదిమెత్తలు. లోపల దూది బదులు కడగని గొర్రె ఉన్ని కూరారు. ఆ ఉన్నిలో ఉండే జిడ్డు సూదిని తుప్పు పట్టనివ్వదు. గోదావరి తీరపు చెమ్మలో పనికొస్తుందని లెక్క. లేసు అల్లేది క్రోషా సూదితో కదా అని నేనంటే, అది దాచుకునే పొడుగాటి గుడ్డసంచి కూడా చూపించింది పిన్ని.

ఆమె పెట్టిన షరతు ఒకటుంది: కానుక ఇచ్చిన ఇంట్లో బేరం ఆడకూడదు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు చాలాముందు, 1982లోనే, మరియా మీస్ అనే సామాజికవేత్త ఆ లేసు అల్లే ఆడవాళ్ల మీద పుస్తకం రాసి, ఇంటిపట్టున తీరిక వేళల పని అన్న పేరుతో వాళ్ల కూలి ఎలా తెగ్గోస్తున్నారో చూపించింది. సంచి చేతిలో పెట్టి, ఆ చేత్తోనే వంద తగ్గించమంటే ఏం బాగుంటుంది?

తిరుగు ప్రయాణం లెక్క కూడా వేసుకున్నారు. పెడనలో టేకు అచ్చులు కొంటే, బ్రిస్బేన్‌లో దిగేటప్పుడు చెక్క వస్తువులున్నాయని ప్రయాణికుల కార్డులో రాయాలి. కత్తెరలు చేతిసంచిలో పెట్టకూడదు. కానుకల బరువు ఎవరి పెట్టెలో ఎంత అన్న పంచాయతీ మాత్రం నేను బయల్దేరే వేళకీ తెగలేదు. తన పెట్టె సగం ఇప్పటికే మనవరాళ్ల బొమ్మలతో నిండిందని పిన్ని చేతులెత్తేసింది.