వెలుగు తాకని చోట

1842లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్ కనుగొన్న సైనోటైప్‌ను తెలుగున నీలిముద్ర అనవచ్చును. మరుసటి యేడే అన్నా అట్కిన్స్ అనే విదుషి సముద్రపు నాచులను ఈ పద్ధతిలో ముద్రించి గ్రంథంగా కూర్చనారంభించింది. దీనికి కెమెరా అక్కరలేదు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రీసైనైడ్ ద్రావణాలను కలిపి కాగితానికో నూలుబట్టకో పూసి, చీకటిలో ఆరబెట్టి, పైన ఆకు పరచి, గాజుపలకతో అదిమి ఎండలో ఉంచాలి. పిమ్మట నీట కడిగితే ఎండ తగిలిన చోట నీలం నిలుస్తుంది. ఆకు కప్పిన చోట లవణం కరిగిపోయి తెలుపు తేలుతుంది. ఆ నీలానికి మూలం ఇనుము, బయ్యారం కొండలలో ఉన్న ధాతువే.

వేదాంత జిజ్ఞాసువుకు ఇందులో ఒక విశేషమున్నది. లోకంలో రూపం వెలుగు పడినందున గోచరిస్తుంది. ఇక్కడ వెలుగు పడనందున గోచరిస్తుంది. చూచినవాడు "ఇది తంగేడు రెమ్మ" అంటాడు. అక్కడ తంగేడు లేదు, దాని వర్ణమూ లేదు. ఉన్నది కాగితపు సహజశ్వేతత్వమే. అది రెమ్మ రాక పూర్వమూ ఉన్నది. సత్యమెరిగిన తరువాత కూడా రెమ్మ కనిపించడం మానదు. రజ్జువును గుర్తించగానే సర్పం మాయమవుతుంది గనుక, ఈ దృష్టాంతం దానికన్న ఎండమావికి సన్నిహితం. శాస్త్రం దీనినే సోపాధికభ్రమ అన్నది.

జనగామ మెట్టచేల తంగేడు, గునుగు అడుగున. మహబూబాబాద్ మోదుగ నడుమ. భూపాలపల్లి అడవి మద్ది, ఇప్ప పైన. ఇట్లు పొడవైన బట్టపై అమర్చితే అది ఈ నేల చిత్రమే అవుతుంది. మందమైన మోదుగాకు స్వచ్ఛమైన తెలుపునిస్తుంది. తంగేటి పూరేకు కొంత వెలుగును పోనిచ్చి లేతనీలమవుతుంది.

అయితే గునుగును ఎవరూ విత్తరు. చేలలో కలుపుగా మొలిచి, భాద్రపదాంతాన బతుకమ్మలో దేవత అవుతుంది. గడ్డిమందు చల్లిన చేనిలో అది మొలవదు. గునుగు దొరకని ఊరిలో దాని ముద్ర గోడకు వేలాడితే దానిని కళ అనడం కన్న శ్రాద్ధమనడం న్యాయం. ముద్రలోని పువ్వుతో బతుకమ్మను పేర్చలేరు గదా!

ద్వాదశినాడు తులసిని కోయరు. పూజకే నియమముండగా చిత్రానికి లేకుండునా? రాలిన ఆకు చాలును. గునుగు కంకిని గింజ చేనిలో రాలిన పిమ్మటనే తీయాలి, ఎండిన కంకి కూడా చక్కగానే ముద్రపడుతుంది.

ముద్ర చిరకాలం ఎండలో ఉంటే వెలసిపోతుంది. చీకటి పెట్టెలో కొన్నాళ్లుంచితే చాలవరకు తేరుకుంటుంది. సబ్బునీరు తగలరాదు, క్షారం నీలాన్ని విరిచివేస్తుంది. నలుపు కోరేవారు మాత్రం కావాలనే సోడానీట వెలయించి, కరక్కాయ కషాయంలో ముంచుతారు.